మేడ మీది పన్నుల ఆఫీసు: ఐదుకి నాలుగు, మెట్లకి ఒకటి కోత

ఒడిశా బరంపురంలో గేట్ బజార్ దగ్గర, మందుల షాపు పక్క సందులో, మేడ మీద ఒక గది. పన్నుల నోటీసులు చదివిపెట్టే ఒక ముసలాయన ఆఫీసు అది. బయట బోర్డు లేదు. తలుపుకి ఒడియాలో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంటుంది, అది కూడా సగం చిరిగింది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తానంటే "వద్దమ్మా, వచ్చేవాళ్లకే చెయ్యలేక చస్తున్నాను" అన్నాడు. సందు మొదట్లో టీ కొట్టు దగ్గర "నోటీసులు చూసే ముసలాయన" అని అడగండి, వేలు పెట్టి మెట్లు చూపిస్తారు. మెట్లు పద్దెనిమిది. లెక్కపెట్టాను. నా మోకాళ్లు లెక్కపెట్టించాయి.

నేను రిటైరైన టీచర్ని. ముప్పై ఏళ్ల పైన ఈ ఊళ్లోనే తెలుగు మీడియం బడిలో పాఠం చెప్పాను. పెద్ద పెద్ద సమాసాలు విడదీసి పిల్లలకి మింగించాను గానీ ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు రాసే వాక్యం విడదీయడం నా వల్ల కాలేదు. అందుకే ఈ ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. నాలాంటి వాళ్లు ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు ఛత్రపురం దాకా చాలామందే ఉంటారని ఇంత వివరంగా రాస్తున్నాను.

సంగతి ఏమిటంటే, 2025 అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆ ఏడాది రిటర్న్‌లో నాకు 6,210 రూపాయలు వెనక్కి రావాలి. ఆ డబ్బుని మీ పాత బాకీ కింద సర్దుబాటు చేసుకోబోతున్నాం, అభ్యంతరం ఉంటే మా వెబ్‌సైట్, అంటే పోర్టల్‌లో చెప్పండి అని దాని సారాంశం. పాత బాకీ! కిరాణా కొట్లో కూడా నెలాఖరుకి అణా పైసలతో తీర్చేసే ఇల్లు మాది. మావారు పేపరు పక్కన పెట్టి "ఎంతట?" అన్నారు. ఎంతో మెసేజ్‌లో లేదు. ఆ రాత్రి ఆయనకి బీపీ మాత్ర వేసుకున్నామా లేదా అన్న అనుమానం వచ్చి రెండోది వేసుకోబోయారు. అంత టెన్షన్.

మర్నాడు పొద్దున్నే మా వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. నాలుగేళ్లుగా మా రిటర్నులు వేసేది అక్కడి కుర్రాడే. మంచివాడు, "మావుసీ" అని, అంటే ఒడియాలో పిన్నీ అని పిలుస్తాడు, కుర్చీ తుడిచి వేస్తాడు. వాడు పోర్టల్ తెరిచి చూసి "మావుసీ, 18,640 బాకీ ఉంది. పైన వడ్డీ కూడా పడుతోంది. కట్టేద్దాం, లేకపోతే ఇంకా పెరుగుతుంది" అన్నాడు. వాడి చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. తెర మీద రెండు మాటలు: బాకీ సరైనదే, బాకీతో ఏకీభవించను. బాణం గుర్తు మొదటిదాని మీదకి జరుగుతోంది.

కరెంటు పోయింది.

బరంపురంలో కరెంటు పోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్నది బహుశా నేనొక్కదాన్నేనేమో. అప్పుడు తెలియలేదు, తర్వాత తెలిసింది: "సరైనదే" అని ఒకసారి ఒప్పుకుని పంపాక మళ్లీ వెనక్కి వెళ్లి "కాదు" అనడానికి పోర్టల్‌లో వీలుండదు.

మధ్యలో ఇంకో చోటికి కూడా వెళ్లాను. ఏసీ గది, గాజు తలుపు, సోఫా. అక్కడ కూర్చున్నాయన కాగితం చూడకుండానే "బాకీలో పదిహేను శాతం మా ఫీజు, సగం ముందు" అన్నాడు. బాకీ ఎంత పెద్దదైతే ఆయనకి అంత లాభం. ఆ లెక్క నాకు నచ్చలేదు, మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఈ ముసలాయన సంగతి చెప్పింది మా ఎదురింటి వదినగారు. అప్పడాలు, వడియాలు చేసి పెద్ద బజారులో షాపులకి వేస్తారావిడ. రెండేళ్ల కిందట ఆవిడకి జీఎస్టీ వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన కాగితం ఈయనే చూశాడట. "తిడతాడు వదినా, కానీ చదువుతాడు" అంది. ఈ రివ్యూ మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది.

గది చిన్నది. రెండు బల్లలు, ఒక కంప్యూటర్, గోడకి మా బరంపురం బుఢీ ఠాకురాణి అమ్మవారి కేలెండర్, దాని పక్కనే సింహాచలం అప్పన్న. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. చాలాకాలం ఒక ఆడిటర్ దగ్గర గుమస్తాగా చేశాడట. కంప్యూటర్ ముందు కూర్చునేది మాత్రం ఒక ఒడియా అమ్మాయి. ఆయన తెలుగులో చెప్తే ఆ అమ్మాయి ఒడియాలో అర్థం చేసుకుని ఇంగ్లీషులో టైపు చేస్తుంది. ముగ్గురం మూడు భాషల్లో మాట్లాడుకుంటూ ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు, ఇది మా ఊరికి మామూలే. నేను ఆయన్ని అన్నయ్యగారూ అన్నాను, ఆయన నన్ను టీచరమ్మా అన్నాడు.

నాకంటే ముందు ఒక పట్టు చీరల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. మా బరంపురం పాట చీరలే, టెంపుల్ అంచు నేతవి, ఆ కుటుంబం తాతల నాటి నుంచి అమ్ముతోందట. ఆయన దగ్గర 2008-09 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే ఆ ఏడు వేసిన రిటర్న్‌కి, 7,300 రూపాయల బాకీ అని ఒక పాత కాగితం ఉంది. కాగితం మడతల దగ్గర చిరిగిపోయి, సెలోటేపు అంటించి ఉంది. ఎవరో ఈ మధ్య దాన్ని చూసి "ఇన్నేళ్ల వడ్డీతో లక్ష దాటుతుంది" అని భయపెట్టారట. ముసలాయన నవ్వాడు. 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ చెప్పిన మాట గుర్తుందా అన్నాడు. 2009-10 ఆర్థిక సంవత్సరం దాకా ఒక్కొక్కటి 25,000 లోపు ఉన్న పాత బాకీలు, 2010-11 నుంచి 2014-15 దాకా 10,000 లోపు ఉన్నవి రద్దు చేస్తున్నామని ఆవిడ సభలో చెప్పారు, దాదాపు కోటి మందికి మేలు జరుగుతుందని కూడా అన్నారు. అదే నెలలో ఆర్డరు వచ్చింది. ఒక మనిషికి మొత్తం మీద లక్ష దాటకుండా అన్నది షరతు. అమ్మాయి పోర్టల్ తెరిచి చూపించింది, ఆ బాకీ ఎదురుగా రద్దయినట్టు ఉంది. వ్యాపారి ఆ సెలోటేపు కాగితం అటూ ఇటూ తిప్పి, "అయితే దీన్ని పారేయమంటారా?" అన్నాడు. "ఉంచుకో. మళ్లీ ఎవడైనా భయపెడితే చూపించడానికి" అన్నాడు ఈయన. ఆయన దగ్గర తీసుకున్నది వంద రూపాయలు.

తర్వాత నా వంతు. నా ఫోన్‌లో మెసేజ్ చూసి ముందు "ఇది నిజమైనదేనా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నిజం కాకపోతే ఇంత బాధ ఎందుకు? కానీ ఆయన అడిగినదానికి కారణం ఉంది. ఈమధ్య దొంగ మెసేజ్‌లు, లింకులు ఎక్కువయ్యాయి, నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ. 2019 అక్టోబరు 1 నుంచి డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చే ప్రతి నోటీసు మీద, ఉత్తరం మీద కంప్యూటర్ ఇచ్చిన ఒక నంబరు ఉండాలి, దాన్ని డిన్ అంటారు. కొన్ని మినహాయింపులు తప్ప, ఆ నంబరు లేని కాగితం ఇచ్చినట్టే లెక్క కాదని వాళ్ల బోర్డే చెప్పింది. పోర్టల్‌లో లాగిన్ కాకుండానే ఆ నంబరు కొట్టి కాగితం అసలుదో నకిలీదో చూసుకోవచ్చు. నేను నాలుగేళ్లుగా రిటర్నులు వేస్తున్నాను, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

డిన్ సరిపోయింది. నోటీసు అసలుదే. అసలు కాగితం 2024 నవంబరులోనే వచ్చిందట! ఎక్కడికి? ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి ఈమెయిల్‌కి. నా ప్రొఫైల్‌లో ఈమెయిల్ వాడిది, ఫోన్ నంబరు మాత్రం మా అబ్బాయిది, నాది రెండో నంబరుగా ఉంది. దాదాపు ఏడాది పాటు నా పేరు మీద బాకీ కాగితం ఎవరో కుర్రాడి ఇన్‌బాక్స్‌లో సినిమా టికెట్ల మెయిళ్ల మధ్య పడి ఉంది.

ఆ కాగితం ప్రింటు తీయించి, ముసలాయన డ్రాయర్‌లోంచి ఒక స్టీలు స్కేలు తీశాడు. ఆ స్కేలు నేను మర్చిపోలేను. కాగితం మీద అడ్డంగా పెట్టి, ఒక్కో వరుస కిందకి జరుపుతూ పైకి చదివాడు. పెన్షన్ ఎంత అని మీరు రాశారు, వాళ్లెంత తీసుకున్నారు: ఒకటే. బ్యాంకు వడ్డీ: ఒకటే. మొత్తం పన్ను: ఒకటే. టీడీఎస్, అంటే బ్యాంకు ముందే కోసిన పన్ను: ఒకటే. స్కేలు జరుగుతోంది, నా గుండె కూడా దానితోపాటే. ఇంకో వరుస దగ్గర ఆగింది. సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్. అంటే రిటర్న్ వేసే ముందు మనమే లెక్కేసుకుని కట్టే పన్ను. ఎడమవైపు గడిలో, అంటే నేను రాసిన చోట, 18,640. కుడివైపు, వాళ్లు లెక్కలోకి తీసుకున్న చోట, సున్నా.

"బాకీ ఎంతన్నారు?" అన్నాడు.

"18,640."

"కట్టిందెంత?"

అప్పుడు వెలిగింది. అడుగుతున్న సొమ్ము, నేను కట్టిన సొమ్ము రూపాయి తేడా లేకుండా ఒకటే. పన్ను తక్కువ లెక్కేసి బాకీ పడితే అంకెలు ఇలా అద్దంలో చూసుకున్నట్టు ఉండవట. "ఇది బాకీ కాదు టీచరమ్మా, మీ డబ్బు దారి తప్పింది" అన్నాడు.

డబ్బు కట్టినట్టు రసీదు ఉందా అన్నాడు. ఉంది. నేను బడి రోజుల నుంచీ ప్రతి కాగితం ఫైల్లో గుచ్చే మనిషిని. 2024 జూలైలో కట్టిన చలాను తీసి ఇచ్చాను. స్కేలు మళ్లీ దాని మీదకి వెళ్లింది. పేరు సరే, పాన్ సరే, సొమ్ము సరే. అసెస్‌మెంట్ ఇయర్ అన్నచోట 2023-24. అక్కడ ఉండాల్సింది 2024-25.

ఈ ముక్క కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది పడే గుంట ఇదే. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా వచ్చిన ఆదాయం 2023-24 ఆర్థిక సంవత్సరానిది. దాని మీద రిటర్న్ వేసే సంవత్సరాన్ని అసెస్‌మెంట్ ఇయర్ అంటారు, అది 2024-25. మామూలు మనిషి నోట్లో "23-24 ఆదాయం" అని ఉంటుంది, పేజీలో అసెస్‌మెంట్ ఇయర్ అని అడుగుతుంది, చెయ్యి పోయి 23-24 నొక్కుతుంది. మా కుర్రాడు అదే చేశాడు. రిటర్న్‌లో చలాను నంబరు, తేదీ అన్నీ సరిగ్గానే వేశాడు. బెంగళూరులో రిటర్నులు సరిచూసే ఆఫీసు కంప్యూటర్ నా 2024-25 ఖాతాలో ఆ చలాను వెతికింది, దొరకలేదు, కట్టలేదని రాసేసింది. ఎనిమిదో తరగతి పిల్ల పేరు ఏడో తరగతి హాజరు పట్టీలో రాస్తే ఏమవుతుంది? పిల్ల బడిలోనే ఉంది, రోజూ వస్తోంది, ఆబ్సెంటు పడుతోంది.

ఆ మాట నేను అంటే ముసలాయనకి బాగా నచ్చింది. ఆ తర్వాత ఎవరో వస్తే వాళ్లకి అదే ఉదాహరణ తనదైనట్టు చెప్పాడు. నేనేం అనలేదు.

అమ్మాయి నా పేరు మీద ఏఐఎస్ తెరిచింది. మన గురించి డిపార్ట్‌మెంట్ దగ్గర ఉన్న చిట్టా అది: ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చింది, ఎవరు ఎంత కోశారు, మనమెంత కట్టాం, అన్నీ ఉంటాయి. కిందటి సంవత్సరంలోకి వెళ్లి చూస్తే నా 18,640 అక్కడ ఒంటరిగా కూర్చుని ఉంది. తప్పిపోయిన పిల్ల కనపడినంత సంతోషం వేసింది. ఇక వడ్డీ మాట. నోటీసు అందిన 30 రోజుల్లో కట్టకపోతే నెలకి ఒక శాతం, నెల నిండకపోయినా నిండినట్టే లెక్క. అంటే నాకు నెలకి 186 రూపాయలు, నవంబరు మొదటికి 11 నెలలు, 2,046. బాకీ పోతే ఈ వడ్డీ కూడా దానితోపాటే పోతుందన్నాడు. అరవై దాటి, వ్యాపారం లేనివాళ్లకి అడ్వాన్స్ టాక్స్, అంటే ఏడాది మధ్యలోనే ముందుగా పన్ను కట్టే బెడద లేదు కాబట్టి అసలు నోటీసులో వేరే వడ్డీలు కలవలేదు. కలిసి ఉంటే అంకెలు అంత తేలిగ్గా ఒకటిగా కనపడేవి కావని కూడా చెప్పాడు. వయసు వల్ల నాకు కలిగిన లాభం ఇదొక్కటే.

ముందు చేసిన పని, పోర్టల్‌లో "ఏకీభవించను" అని జవాబు పెట్టడం, చలాను వివరాలతో. అది పెడదామంటే ఓటీపీ మా అబ్బాయికి వెళ్లింది. వాడు బెంగళూరులో మీటింగులో ఉన్నాడు. వాడు ఫోన్ ఎత్తేసరికి ఆ ఓటీపీ గడువు అయిపోయింది. రెండోసారి తప్పు చెప్పాడు. మూడోసారి వాడు చెప్పింది సరైనదే, నేను ఆరు అంకెల్లో రెండు తారుమారు చేశాను. ముసలాయన అప్పుడు తిట్టాడు. నన్నే తిట్టాడు. "మీ తాళం చెవి మీ దగ్గర ఉండాలా, ఊరందరి దగ్గరా?" ఆ పూట ప్రొఫైల్‌లో ఫోన్, ఈమెయిల్ నావి పెట్టించి, పాస్‌వర్డ్ మార్పించి గానీ కదలనివ్వలేదు.

తర్వాత పని చలానులో సంవత్సరం సరిచేయించడం. కట్టిన ఏడు రోజుల్లోపు అయితే పోర్టల్‌లోనే మనమే మార్చుకోవచ్చట. నాది పదిహేను నెలలు దాటింది, కాబట్టి మన పాన్ ఏ అధికారి కింద ఉందో ఆ అధికారికి అర్జీ పెట్టుకోవాలి. బరంపురం ఆఫీసు ఎంతసేపు, రిక్షాలో వెళ్లొస్తానన్నాను. అమ్మాయి పోర్టల్‌లో నా అధికారి ఎవరో చూసి ముసలాయన వైపు తిరిగింది. శ్రీకాకుళం.

నేను పుట్టింది బరంపురం, పనిచేసింది బరంపురం, రిటైరైంది బరంపురం. కానీ పాన్ కార్డు తీసుకున్న రోజుల్లో మావారి ఉద్యోగం ఇచ్ఛాపురంలో, కాపురం అక్కడే, నేను రోజూ బస్సులో ఇటు వచ్చి వెళ్లేదాన్ని. అడ్రసు అదే రాశాం. ఇప్పటి ఇల్లు ఒడిశాలో ఉన్నా నా ఇన్‌కమ్ టాక్స్ మాత్రం ఆంధ్రాలోనే ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలోకి వెళ్లేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో అందరం ఒకటే. రాష్ట్రం గీత గీశాక ఊరు ఇటు, చుట్టాలు అటు. నా పాన్ కూడా చుట్టాల పక్షానే ఉంది. సరిహద్దుకి అటూ ఇటూ ఇళ్లు మార్చినవాళ్లు ఒకసారి చూసుకోండి. పోర్టల్‌లో "మీ అధికారి ఎవరు" అని తెలుసుకునే చోటు ఉంది, పాన్ కొడితే చాలు.

అర్జీ ముసలాయనే రాయించాడు. నాలుగు వాక్యాలు. నేనెవరు, ఏ తేదీన ఎంత కట్టాను, ఏ సంవత్సరం తప్పు పడింది, ఏ సంవత్సరం ఉండాలి. "దయతో, కరుణతో, వృద్ధురాలిని" అని నేను కలపబోతే కొట్టేశాడు. "మీరు అడుక్కోవడం లేదు. మీ డబ్బు మీ గడిలో పెట్టమంటున్నారు." చలాను, నోటీసు, పాన్, ఏఐఎస్ పేజీ జతచేసి రెండు సెట్లు చేయించాడు. పోస్టులో కూడా పంపవచ్చు. కానీ మా ఆడపడుచు కూతురు ఆమదాలవలసలోనే ఉంటుంది, చూసి చాలా రోజులైంది, వెళ్తే రెండు పనులూ అవుతాయనిపించింది. రైలెక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, ఊళ్లోకి ఆటోలో వెళ్లాను. ఆఫీసులో గుమస్తా అర్జీ తీసుకుని, రెండో సెట్ మీద ముద్ర వేసి తేదీతో సహా ఇచ్చాడు. పది నిమిషాల పని. ముప్పై ఏళ్లలో ఒక సర్కారు ఆఫీసులో నా పని మొత్తం తెలుగులో జరగడం అదే మొదటిసారి, అది వింతగా ఉంది. సాయంత్రం ఆడపడుచు కూతురు పనసపొట్టు కూర చేసింది.

డిసెంబరు చివర్లో చలాను 2024-25లోకి మారినట్టు కనపడింది. జనవరిలో అమ్మాయి పోర్టల్‌లో సవరణకి అర్జీ పెట్టింది, రిటర్న్ మళ్లీ ప్రాసెస్ చేయమని. ఇలాంటి సవరణ అడగడానికి ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా గడువు ఉంటుందట, నాకు అంత అవసరం పడలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో కొత్త ఆర్డరు నా ఈమెయిల్‌కి, నా సొంత ఈమెయిల్‌కి వచ్చింది. బాకీ సున్నా. ఆ తర్వాత పదిరోజులకి 6,210 ఖాతాలో పడింది, కాస్త వడ్డీ కూడా కలిపి. మావారు పాస్‌బుక్ వేయించుకొచ్చి ఆ వరుస కింద పెన్సిల్‌తో గీత గీశారు.

ఫీజు: మొత్తానికి 1,200. అర్జీ రాసినప్పుడు 500, పని అయ్యాక 700. బాకీ ఎంతుందన్నదాంతో దానికి సంబంధం లేదు. నా తర్వాత వచ్చినాయనకి నాలుగు లక్షల నోటీసు, ఆయనకీ చదివిపెట్టినందుకు అంతే చెప్పాడు. ఇంత తక్కువ తీసుకుంటే ఎలా అని అడిగితే "ఎంత పెద్ద నోటీసుకైనా చదవడానికి అంతే కదా" అన్నాడు. అందరికీ గెలుపే అని చెప్పను. నేను కూర్చుని ఉండగానే ఒకాయనకి "ఇది నిజంగానే నీ బాకీ బాబూ, అద్దె ఆదాయం చూపించలేదు, కట్టేయి" అని ముఖం మీదే చెప్పి పంపాడు. ఆయన ఇంకో చోటికి వెళ్తానని లేచిపోయాడు. నాకైతే ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తడు. మూడుసార్లు చేస్తే ఒకసారి అమ్మాయి ఎత్తుతుంది. అపాయింట్‌మెంట్ అన్న మాట లేదు, ముందొచ్చినవాళ్లు ముందు, కానీ తెలిసినవాళ్లు మధ్యలో దూరిపోతారు, ఆయన కాదనడు. ఒకసారి నేను రెండు గంటలు కూర్చున్నాను. మాట్లాడుతూ కిళ్లీ నములుతాడు, నా అర్జీ మొదటి ప్రతి మీద ఎర్ర చుక్క పడింది, మళ్లీ ప్రింటు తీయాల్సి వచ్చింది. జవాబు పెట్టినట్టు రసీదు కాపీ తనంతట తాను ఇవ్వడు, అడిగి తీసుకోవాలి. ఇంకొకటి, ఆ గదిలో సగం పని చేసేది ఆ అమ్మాయి. ఓటీపీలు, అప్‌లోడ్‌లు, ఏ మెనూలో ఏముందో ఆమెకే తెలుసు. జనం మాత్రం దండాలు ఆయనకి పెట్టి వెళ్లిపోతారు. నేను పండక్కి ఆమెకి విడిగా చీర పెట్టాను. మెట్ల సంగతి ముందే చెప్పాను. రెయిలింగ్ ఒకవైపే ఉంది, అది కూడా ఊగుతుంది. పెద్దవాళ్లయితే ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, లేదా కింద టీ కొట్టు దగ్గర కూర్చుని కబురు పెట్టండి, అమ్మాయి దిగి వస్తుంది. బరా, ఘుగుని టిఫిన్ బాగుంటుంది అక్కడ.

ఇంకో సంగతి, కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి, ఆ చట్టం 2025లో చేసింది. అందులో అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట తీసేసి టాక్స్ ఇయర్ అని ఒకటే పెట్టారు. ఆదాయం వచ్చిన ఏడే పన్ను ఏడు. ఆ మాట రెండేళ్ల ముందు మారి ఉంటే నేను ఆ పద్దెనిమిది మెట్లు ఎక్కేదాన్ని కాదు. పాత సంవత్సరాల కాగితాలకి మాత్రం పాత లెక్కే నడుస్తుందని ముసలాయన చెప్పాడు, కాబట్టి ఫైళ్లు పారేయకండి.

పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట, మళ్లీ నాలుగున్నర నుంచి ఎనిమిది. ఆదివారం సెలవు. జూలై, సెప్టెంబరుల్లో వెళ్లకండి, మెట్ల మీద కూడా జనమే. నోటీసు, చలాను, పాన్ జిరాక్సులు రెండేసి ఇంటి దగ్గరే తీయించుకుని వెళ్లండి, కింద జిరాక్సు షాపు వాడు మధ్యాహ్నం నిద్రపోతాడు. మొన్న ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు ఫోన్ చేశాడు: "మావుసీ, మీ పాస్‌వర్డ్ పనిచెయ్యట్లేదు, మార్చారా?" మార్చానన్నాను. "కొత్తది చెప్పండి, ఈసారి కూడా నేనే వేస్తా" అన్నాడు. వచ్చి పక్కన కూర్చుంటాను, నేనే కొడతాను అని చెప్పాను.